మగ్గం చప్పుడు విన్న జింకపిల్ల

1938లో నేను గద్వాలలో పశువుల దవాఖానాలో కంపౌండర్‌ని. మందులు కలపడం, కట్లు కట్టడం నా పని. ఆ దవాఖానా ఎడ్లకూ గుర్రాలకూ కట్టింది, అడవి ప్రాణులకు అందులో చోటు లేదు. అయినా ఎవరో ఒకరు దెబ్బతగిలిన నెమలినో కుందేలునో తెచ్చి గుమ్మంలో పెట్టి పోయేవారు. వద్దని చెప్పడం నాకు చేతకాలేదు.

ఆ చలికాలం బీచుపల్లి దారిన ఉన్న ఊరి రైతొకాయన గొంగడిలో చుట్టి కృష్ణజింక పిల్లను తెచ్చాడు. తల్లిని తోడేళ్లు చంపాయట. పిల్ల ముందుకాలు విరిగి వేలాడుతోంది. వెదురుబద్దల ఆసరాతో స్టార్చ్ బ్యాండేజ్ కట్టాను. గంజిలో ముంచిన గుడ్డపట్టీ అది, ఆరితే కర్రలా బిగుస్తుంది. కానీ ఎద్దు రంకె వేస్తే చాలు, పిల్ల వణికిపోతోంది. పాలు తాగడం లేదు.

మేకకు మందు కోసం వచ్చిన నాగమ్మ దాన్ని చూసింది. సాలెవాళ్ల వీధిలో ఊరి చివరి ఇల్లు ఆమెది. భర్త పోయాక మగ్గం తనే పట్టి పట్టంచు చీరలు నేసేది.

"మా మేకపిల్ల సచ్చిపోయింది, తల్లిమేకకు పాలున్నయి. దీన్ని నాకియ్యి, కంపౌండర్ సాబ్."

"అడవి జంతువక్కా. బతుకుతదో లేదో తెల్వదు."

"బతకకుంటే నా ఒళ్లెనే పోతది. గిక్కడ ఎడ్ల కాళ్ల కాడ ఎందుకు?"

కొన్నాళ్లకు నాగమ్మ ఇంటికి చూడబోతే కట్టు సగం లేదు. మగ్గం మీది పడుగు నూలుకు పట్టించే గంజి వాసన ఇల్లంతా ఉంటే, కాలికున్న గంజిని ఊరికే వదులుతుందా? పిల్ల దాన్ని నాకి మెత్తబరిచి గుడ్డతో సహా నమిలేసింది.

"మంచిగ బువ్వ కట్టినవ్ కాలికి!" అని నాగమ్మ ఒకటే నవ్వు. మళ్లీ కట్టి, మళ్లీ నాకకుండా పైన వేపాకు ముద్ద పూశాను.

మధ్యాహ్నాలు అటు వెళ్తే తిరిగి రాబుద్ధి అయ్యేది కాదు. కప్పు సందులోంచి సన్నటి ఎండ దిగేది, అందులో నూలు దూది తేలుతుండేది. మగ్గం గుంట పక్క చల్లటి మూలన పిల్ల పడుకుని, ఆమె మగ్గం మీద వేసే ప్రతి పోటు చప్పుడుకూ చెవి కదిలిస్తూ నిద్రలోకి జారుకునేది. లోకంలో తోడేళ్లున్నాయన్న మాటే అబద్ధమనిపించేది. నాకూ కళ్లు మూతలు పడేవి.

సంక్రాంతి నాటికి కాలు అతుక్కుంది. ఒక తెల్లవారుజామున ఊరి బయట జింకల మంద మేసే బీడుకు తీసుకెళ్లి వదిలాను. మందవైపు మెల్లగా నడిచింది. అంతలో ఊళ్లోంచి నాగమ్మ మగ్గం మొదలైంది. పిల్ల చెవులు నిక్కబొడుచుకుని వెనక్కి పరుగు తీసింది. వీధి మొదట్లో కుక్కలు మీదపడ్డాయి. జనం కర్రలతో కుక్కల్ని అదిలించేసరికే పిల్ల తొడ చీరుకుపోయింది.

అయోడిన్ పెడుతూ అన్నాను. "ఇంకోపారి గిట్లయితే సచ్చిపోతదక్కా."

"అయితే ఇడువకు. నా తాననే ఉంటది."

"ఎన్నాళ్లు కట్టేస్తవ్? ఉరికే పానం."

"నా సప్పుడు కోసమే ఒచ్చింది కద సాబ్," అంది. గర్వమూ ఏడుపూ కలిసిన గొంతు అది. కళ్లు తుడుచుకుంది. "పుండు మానినంక అమాస నాడు తోల్కపో. ఆనాడు మా వీధిల ఎవ్వరం మగ్గం ముట్టం."

ఆ అమావాస్య ఉదయం వీధి వీధంతా నిశ్శబ్దం. బీడు మీద మంచు పొగలా పరుచుకుంది. పిల్ల ఆగి ఊరివైపు చెవి పెట్టింది. ఏమీ వినిపించలేదు. మంద గాలిలోకి లేచింది, అదీ లేచింది. ఆ మంచులో కాళ్లు నేలను తాకినట్టే అనిపించలేదు.

మర్నాడు అందరి మగ్గాలూ ఆడాయి, నాగమ్మది తప్ప. ఆ తర్వాతా అంతే. చీర కోసం సావుకారి మనిషి తిరుగుతున్నాడు.

"ఏందక్కా, పానం బాగలేదా?"

"మంచిగనే ఉన్న. వేరేటోళ్ల మగ్గాలకు అది తల గూడ తిప్పదు. నా మగ్గం సప్పుడు ఇంటెనే ఒస్తది. జర ఆడ కుదురుకోని."

కొన్నాళ్ల తర్వాత నేను బీడుకు పోయి చాలాసేపు చూసి వచ్చాను. ఆమె గుమ్మంలోనే ఎదురైంది.

"కనవడ్డదా?"

"మంద కనవడ్డది. ఏదీ కుంటుత లేదు. మనది ఏదో గుర్తుపట్టలేకపోయిన."

ఆమె బీడు వైపు చూసింది. "గట్లనే కావాలె," అని లోపలికి పోయి మగ్గం మీద కూర్చుంది.

అప్పటినుంచీ అడవి ప్రాణి ఏది చేతికొచ్చినా, నయమైందని నేను చెప్పుకునే గుర్తు అదొక్కటే. తన వాళ్ల మధ్య నిలబడితే అది ఏదో నేను ఆనవాలు పట్టలేకపోవాలి.