మూడుసార్లు గుంజాలి

మా ఎస్సైని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముందు నవ్వే వస్తుంది. అత్తయ్య పాస్‌పోర్టు ఎంక్వయిరీకని గోపన్‌పల్లిలో మా ఫ్లాటుకి వచ్చాడు. చెయ్యి తడపనిదే సంతకం పెట్టడని అందరూ మమ్మల్ని భయపెట్టారు. ఆయనేమో వంటింట్లోంచి వస్తున్న కొత్తావకాయ ఘాటు పీల్చి, ఒక సీసాడు అడిగి పట్టుకెళ్ళాడు. "లంచం కూడా రుచి తెలిసి తింటున్నాడే!" అని అత్తయ్య మురిసిపోయింది.

వెళ్తూ వెళ్తూ మా తలుపుకి తాళం వేయించాడు. "అమ్మా, తాళమేసినంక జర మూడుసార్లు గుంజి చూడున్రి. ఇగ ఫికర్ లేదు," అని తనే గుంజి చూపించాడు. ఆ తర్వాత ఎక్కడ కనబడినా, పలకరింపుగా గాల్లోనే మూడుసార్లు గుంజేవాడు. అత్తయ్య కూడా అలాగే గుంజి నవ్వేది.

నిరుడు టీవీలో కనబడ్డాడు. గచ్చిబౌలిలో ఒంటరిగా ఉండే ఒక పెద్దాయన్ని చంపి, ఇంట్లో బంగారం దోచుకున్నాడట. అంతకుముందు ఆ ఇంటి తాళం కూడా తనే గుంజి చూసి, ఫికర్ లేదని చెప్పి వచ్చాడట.

జీపు ఎక్కించేముందు కానిస్టేబుల్ ఆయనకి బేడీలు వేశాడు. ఎస్సై తల వంచుకుని, వాటిని మూడుసార్లు గుంజి చూసుకున్నాడు.

అత్తయ్య ఆపుకోలేక పకపకా నవ్వేసింది. "గట్టిగానే ఉన్నాయాండీ?" అని టీవీనే అడిగింది. ఆ నవ్వు ఆగకముందే లేచి వెళ్ళి, మా తలుపు గడియ గుంజి చూసింది.

ఈసారి నాలుగుసార్లు.