తాతయ్య తుపాకీ బేరం

నా చిన్నప్పుడు మా తాతయ్యకి తుపాకీ కొనుక్కోవడానికి కలెక్టరు కచేరీ నుంచి అనుమతి వచ్చింది. ఒక్కటంటే ఒక్కటే. పాతది తుప్పుపట్టి పనికిరాకుండా పోయింది. మాది రాజోలు దగ్గర గోదావరి పాయ ఒడ్డున ఊరు. ఇప్పటి చట్టాలు అప్పటికింకా రాలేదు గనక వేట తెలిసినవాళ్లు వేటకి వెళ్లేవారు. నది మధ్య లంకల్లో కందా చిలగడదుంపా పెళ్లగించే అడవిపందులుండేవి. కోళ్లనెత్తుకుపోయే నక్కలుండేవి. ఏడాదికోసారి స్నేహితులతో ఏజెన్సీ కొండలకి వెళితే దుప్పులు, కణుజులనే పెద్ద జింకలు. వీటన్నిటికీ సరిపోయే రైఫిలు ఒక్కటి ఎంచుకోవాలి.

ఆ ఎంపిక కోసం తాతయ్య నెలల తరబడి అరుగు మీద కూర్చుని ఆలోచించారు. పక్కన నేను. చిన్న బోరు, అంటే సన్న గొట్టం తుపాకీ, నక్కకి చాలు గానీ పందికి చాలదు, దెబ్బతిని చావని పంది మనిషి మీదికి తిరుగుతుంది. మరీ పెద్ద బోరు అయితే కాల్చేవాడి భుజమే ముందు పోతుంది. చివరికి త్రీ ఫిఫ్టీన్ బోరు రైఫిలు దగ్గర ఆగారు. అది మన దేశంలోనే తయారవుతుంది, తూటాలు రాజమండ్రిలో దొరుకుతాయి, పందికీ కణుజుకీ చాలుతుంది, పేల్చినప్పుడు భుజాన్ని తన్నే తన్ను కూడా ఓర్చుకోగలిగినంతే. ఎక్కాలు రాని వయసులో నాకు తుపాకుల నంబర్లన్నీ వచ్చేశాయి.

సరిగ్గా అప్పుడే రామచంద్రపురం నుంచి ఆయన తోడల్లుడు జీపులో దిగారు. నేను చిన్నతాతయ్య అనేదాన్ని. వెంట నా ఈడు మనవరాలు, దాని మెడలో దుర్భిణీ. చిన్నతాతయ్య తోలుపెట్టె తెరిచి కొత్తగా కొన్న రైఫిలు బయటికి తీశారు. త్రీ సెవెంటీఫైవ్, అంతకన్నా చాలా పెద్ద బోరు, ఇంగ్లండు సరుకు.

"ఏనుగునైనా పడగొడుతుందండి అన్నయ్యగారూ," అన్నారు.

తాతయ్య భుజానికి ఆనించే దాని చెక్క మడమని వేళ్లతో నిమిరి, "బావుంది" అన్నారు. ఆ పూట పెరుగన్నం కలుపుకోకుండానే లేచిపోయారు. ఆయనకేమయిందో నాకు ఒకరు చెప్పక్కర్లేకపోయింది. నాకూ అదే అయింది. ఆ పిల్ల దుర్భిణీ నా కంటికి ఒక్కసారి ఆనించి, అవతలి ఒడ్డున కొంగ కనపడేలోపే లాగేసుకుంది. 

వాళ్లు వెళ్లాక మా ఇంట్లో త్రీ ఫిఫ్టీన్ మాటే లేదు. ఇంగ్లండు రైఫిలే కావాలని, అదీ తోడల్లుడి దానికన్నా కొత్తది కావాలని తాతయ్య కాకినాడలో తుపాకుల కొట్టుకి కబురంపారు. డబ్బు కోసం కాలవ గట్టునున్న కొబ్బరితోటలో సగం అమ్మకానికి పెట్టారు. అది అమ్మమ్మకి పుట్టింటివారిచ్చిన తోట.

"మన లంకల్లోకి ఏనుగులెప్పుడొచ్చేయండీ?" అంది అమ్మమ్మ.

"నీకు తెలీదులే," అని కసిరారు తాతయ్య. ఆ రోజు నుంచి ఆమె అన్నం వడ్డించేది, పలకరించేది కాదు. నేను మాత్రం తాతయ్య పక్షమే. రైఫిలుతోపాటు నాకు ఆ పిల్లదానికన్నా పెద్ద దుర్భిణీ కొంటానన్నారు మరి.

తోట బేరం ఖాయమయ్యే ముందు, తోడల్లుడి రైఫిలు ఒకసారి కాల్చి చూడాలనుకున్నారు తాతయ్య. చిన్నతాతయ్య మనవరాలితో సహా మళ్లీ వచ్చారు. మిలటరీలో చేసి వచ్చిన పక్కింటి మావయ్యగారు తన త్రీ ఫిఫ్టీన్ తెచ్చారు. అందరం పడవ మీద ఇసుక తిన్నెకి వెళ్లాం. ఎవరూ తిరగని వైపు, ఎత్తయిన ఇసుక గట్టుకి ఆనించి ఒట్టి కొబ్బరికాయలు పెట్టారు.

తాతయ్య ముందు పెద్దదాన్ని ఎత్తారు. చెవులు గింగురుమన్నాయి. ఇసుక ఎగిరింది, తాతయ్య తూలి వెనక్కి జరిగారు, కాయ అలాగే ఉంది. మళ్లీ ఎత్తారు. ఈసారి మీట నొక్కకముందే ఆయన రెండు కళ్లూ మూసుకోవడం నేను చూశాను. ఊరంతా చెప్పుకునే గురి మా తాతయ్యది! ఆ కాయా తప్పిపోయింది. తరవాత త్రీ ఫిఫ్టీన్ అందుకుని కాల్చారు. కాయ ముక్కలైంది. దాని పక్కదీ ముక్కలైంది.

"నీదిగా, నువ్వొకసారి కాల్చి చూపించవయ్యా," అన్నారు తోడల్లుడితో.

"మీరే కానివ్వండి," అని ఆయన రైఫిలు ముట్టుకోలేదు. తాతయ్య మళ్లీ అడిగితే చొక్కా గుండీలు విప్పి చూపించారు. మెడ కింద ఎముక వంకరగా అతుక్కుని బొడిపె కట్టి ఉంది. "కొన్న రోజే విరిగిందండి. మళ్లీ పేల్చలేదు."

"మరి అంతదెందుకు కొన్నావు?"

ఆయన నీళ్ల వైపు చూస్తూ చెప్పారు. "మీ గురి చూసి కుళ్లుకునండి అన్నయ్యగారూ. మన మావగారు బతికున్నన్నాళ్లూ మీ గురి గురించే చెప్పేరు. తుపాకీ అయినా మీకన్నా పెద్దదుండాలనిపించింది."

తాతయ్య నవ్వుతారేమో అనుకున్నాను. ఇసుకలో చతికిలబడి, తోడల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నారు. "నేనూ అందుకే కొనబోయేనయ్యా," అన్నారు. 

తిరిగొచ్చేటప్పుడు పడవలో నన్ను దగ్గరికి పిలిచారు. "దుర్భిణీలోంచి ఏం చూద్దామనమ్మా నువ్వు?"

 "ఆ పిల్లకుంది కదా," అన్నాను.

"ఈర్ష్య రానివాళ్లుండరమ్మా. వస్తే రానీ. దాన్ని వెంటబెట్టుకుని బజారుకి మాత్రం వెళ్లకు."

ఇంటికి రాగానే తాతయ్య కాళ్లయినా కడుక్కోకుండా వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "తోట అమ్మడంలేదు" అన్నారు. అమ్మమ్మ వెనక్కి తిరగలేదు. "ఆయ్" అని మాత్రం అని, కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ వారంలోనే తాతయ్య త్రీ ఫిఫ్టీన్ కొన్నారు. నాకు దుర్భిణీ రాలేదు. కొన్నాళ్లు ఏడ్చాను కూడా.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఈర్ష్య ఇంకా వస్తూనే ఉంది. మొన్నామధ్య అమలాపురంలో మా ఆడపడుచు కొత్త వంటగది చూసి వచ్చి, మాది మొత్తం పగలగొట్టించేద్దామని మేస్త్రీకి ఫోను చేయబోయాను. తాతయ్య మాట గుర్తొచ్చి ఫోను పక్కన పెట్టేశాను. వారం పోయాక ఆ గదిలో నిలబడి నాకేం కావాలో చూసుకుంటే, తూర్పు గోడకి ఒక కిటికీ కావాలనిపించింది. అదొక్కటే పెట్టించుకున్నాను. పొద్దున్నే కాఫీ కలుపుకునేటప్పుడు ఎండ నా చేతుల మీద పడుతుంది.