నాలుకకు అంటని ఇటుక పొడి

ఇటుకలు దంచీ దంచీ నా కుడి భుజం ఎప్పుడో పోయింది. చెయ్యి తలదాకా లేవదు. జుట్టు ముడేసుకోవడం కూడా ఎడమ చేత్తోనే. మా ఆయన సున్నం మేస్త్రీ. మా గౌడవెల్లిలో ఇప్పుడందరూ సిమెంటు పనికి పోతారు, లేదంటే బండేసుకుని ఫ్యాక్టరీకి పోతారు. పాత గోడకు సున్నమే కావాలనేవాళ్లు ఏడాదికి ఒకరో ఇద్దరో వస్తారు. వాళ్లు వచ్చినప్పుడల్లా ఆయన ముఖం వెలుగుతుంది, నా ప్రాణం ఉసూరుమంటుంది.

ఎందుకంటే ఉత్త సున్నం నీళ్లలో నిలవదు. ఇటుక పొడి కలిస్తేనే తడిలో కూడా గట్టిపడుతుంది. అదీ ఏ ఇటుకైనా పనికిరాదు. బట్టీలో సగం కాలిన ఎర్ర ఇటుక కావాలి. నాలుకకు పెడితే ఉమ్మి పీల్చుకుని పట్టుకోవాలి. మాడిపోయిన ఇటుకకు ఆ గుణం ఉండదు. ఇదంతా మా అత్త నేర్పింది. రోకలి కూడా నాకే ఇచ్చిపోయింది, మహాతల్లి.

మొన్న ఎండాకాలం శామీర్‌పేట పటేల్ ఒకాయన పిలిచాడు. ఆయన పాత ఇంటి వెనక నీళ్ల హౌజు కారుతోంది. ఎవరో సిమెంటు పూస్తే ఏడాదికే పెచ్చులుగా ఊడింది. పని ఒప్పుకొని వచ్చిన మా ఆయన నా భుజం వంక చూశాడు.

"ఈసారి నువ్వు దంచకే. మేడ్చల్ కాడి బట్టీల మిషిన్ల పొడి పట్టిస్తున్నరట, నేను దెస్త," అన్నాడు.

పెళ్లయిన ఇన్నేళ్లకు ఆ మాట విన్నాను. నిజం చెప్పొద్దూ, కళ్లలో నీళ్లు తిరిగాయి.

బస్తాలు వచ్చాయి. చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాను. ఇసుకలా గరగరలాడింది గానీ అంటుకోలేదు. మాడిన ఇటుకల పొడి! జర్దా నమిలీ నమిలీ ఆయన నాలుక ఎప్పుడో మొద్దుబారింది, ఆయనకు తెలియదు. చెప్తే రోకలి మళ్లీ నాకే. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

ఆయన సున్నంలో ఆ పొడి కలిపి ముద్దలు చేశాడు. వారం పాటు తడి గోనెసంచి కింద ఉంచి, ఒకటి బకెట్ నీళ్లలో వేశాడు. నీటి పని ముట్టేముందు ఎప్పుడూ చేసే పరీక్షే అది. పొద్దున చూస్తే ముద్ద లేదు, నీళ్లు విరిగిన పాలలా ఉన్నాయి. పాళ్లు మార్చి మళ్లీ కలిపాడు. ఇంకో వారం ఆగాడు. అదే గతి.

ఆ మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని అన్నం ముట్టలేదు. తన అరచేతులు చూసుకుంటున్నాడు.

"నా చెయ్యి పోయిందే. ముసలోన్నయిన," అన్నాడు. "ఇగ పటేల్‌కు జెప్త, ఇంకొకల్లను జూసుకొమ్మని. ఫ్యాక్టరీల వాచ్‌మన్ పని ఉందంట. గేటు కాడ కూసుంట."

నేను కోరుకున్నదీ అదే కదా! ఆయన గేటు దగ్గర, నేను ఇంట్లో కడుపులో చల్ల కదలకుండా. ఒక్క పూట ఊరుకుంటే చాలు. కానీ ఆ చేతుల పనితనం నాకు తెలుసు. చేతగాదనుకుని ఆ మనిషి గేటు దగ్గర కూర్చుంటే చూడలేను. పాడు మనసు.

"నీ చేతికేం రోగం? పొడే మంచిది గాదు," అన్నాను. "నాలికకు అంటుతలేదు."

"ఎప్పుడు జూసినవ్?"

"గిప్పుడే," అన్నాను. ఆ ఒక్క అబద్ధం మాత్రం నాకోసం ఉంచుకున్నాను.

కీసర వైపు ఓ పాత బట్టీలో సగం కాలిన ఇటుకలు దొరికాయి. రోకలి ముందు ఆయనే అందుకున్నాడు. ముక్కలన్నీ రోట్లోంచి ఎగిరి వాకిట్లో పడ్డాయి. "ఇగ ఆపు, ఇటియ్యి," అన్నాను. నాలుగు రోజులు దంచాను. భుజానికి ఇసుక మూటతో కాపడం పెట్టుకోవడం, మళ్లీ దంచడం.

వారం తర్వాత కొత్త ముద్దను బకెట్‌లో వేశాం. మర్నాడు ఆయన తీసి గోటితో గీకాడు. రాలలేదు. ఇంకాస్త గట్టిగా గీకి, నవ్వాడు. ఆయన అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

"నా చెయ్యి పోలేదే! జూడు, ఇంకో పదేండ్లకు ఢోకా లేదు."

అవునన్నాను. హౌజుకు ఇంకా నాలుగు బస్తాల పొడి కావాలి. జల్లెడలో మిగిలిన పలుకులను ఎడమ చేత్తో రోట్లో పోసి, రోకలి అందుకున్నాను.