వేడినీళ్లతోని కడిగినవా

జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో కౌబాయ్ టోపీలు పెట్టుకుని పాతకాలపు రివాల్వర్లు కాల్చే క్లబ్బొకటుంది. నన్నక్కడికి తీసుకెళ్లింది మా ఆఫీసులో అందరూ భాయ్‌సాబ్ అని పిలిచే హైదరాబాదీ పెద్దాయన. ధగధగలాడే ఇత్తడి రివాల్వర్ మీద నా కన్ను పడింది.

"మెరుపు చూసి కొనకు తమ్మీ. ఇత్తడి జల్ది వదులైతది. ముందుగాల నా ఉక్కుదాన్ని నెలరోజులు కాల్చి చూడు," అన్నారాయన.

నల్ల తుపాకిమందు మసి ఆ రోజే కడగకపోతే లోహాన్ని తినేస్తుంది. అందుకే ఎవరు కాల్చి వచ్చినా ఆయన ఒకటే అడిగేవారు: "వేడినీళ్లతోని కడిగినవా?"

మూడో శనివారం మ్యూనిక్ రైలు తప్పిపోతుందని రివాల్వర్‌ని గుడ్డతో తుడిచి దాని పెట్టెలో పెట్టేశాను. ఆయన అడిగితే, "కడిగాను భాయ్‌సాబ్," అన్నాను.

మరుసటి వారం, క్లబ్బులో కొత్తగా చేరినామెకు చూపించడానికి ఆయన పెట్టె తెరిచారు. రివాల్వర్ నిండా ఎర్రటి తుప్పు. ఆమె ఇదేమిటని అడిగింది.

"తప్పు నాదే. వయసు మీదపడింది, కడగడం మరిచిపోయాను," అని జర్మన్‌లో చెప్పారాయన. నావైపు చూడనైనా లేదు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

తుప్పు వదలగొట్టి, మళ్లీ దాన్నే నా చేతికిచ్చారు. ఆ రోజు చేతులు కాలేంత వేడినీళ్లతో కడిగాను. ఆయన అందరినీ అడుగుతూ వచ్చారు. నన్ను మాత్రం, ఆ రోజే కాదు, మరెప్పుడూ అడగలేదు.