చిరునవ్వుతో కాన్పు అని రాసినందుకు

ఆ రోజుల్లో మాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు, తెలియకపోయినా రాసేసేవాళ్ళం గనుక. ఎనభైల నడుమ నేను నూజివీడులో ఒక దినపత్రికకు కొత్త విలేకరిని. మామిడి ధరలూ, లారీ బోల్తాలూ రాసి, కవరులో పెట్టి విజయవాడ బస్సు డ్రైవరు చేతికిచ్చేవాణ్ణి. అలాంటివాణ్ణి ఒకసారి మద్రాసు నుంచి వచ్చిన ఏదో పత్రిక తిరగేసి, 'ఇక చిరునవ్వుతో కాన్పు' అని మహిళల పేజీకి వ్యాసం పంపాను. నడుములో ఒక్క సూది, ఆపైన నొప్పి మాయం! (డాక్టర్లనెవరినీ అడగలేదు. వ్యాసం అంత బాగా కుదిరాక అడిగి చెడగొట్టుకోవడమెందుకని.)

దాన్ని కత్తిరించి దిండు కింద దాచుకున్నది మా అక్క. తొలి కాన్పుకు ముసునూరులో మా ఇంటికి వచ్చింది. చిన్నప్పుడు చెట్టు మీంచి పడి వెన్నెముకకు ఆపరేషన్ చేయించుకున్న మనిషి. నొప్పి అన్న మాట వింటేనే వణికేది. ఈసారి మాత్రం, "మా తమ్ముడు రాశాడు, నాకేం భయం లేదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

మే నెలలో, మామిడి కోతలు జోరుగా సాగుతుండగా, ఒక ఉదయం నొప్పులు మొదలయ్యాయి. అక్క కంటే ముందే అమ్మ ఏడుపు అందుకోవడంతో ఆమెను ఇంట్లో ఉంచి, మా తోటలో కాయలు లెక్కపెట్టే బుట్టల అత్తను తోడు తీసుకుని నూజివీడు ఆసుపత్రికి వెళ్ళాం. అక్క ఆ పేపరు ముక్క తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టింది. ఆవిడ అంతా చదివి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు.

"ఏమయ్యా, ఇది నువ్వు రాసిందేనా? ఆ ఇంజక్షన్ ఇచ్చే మత్తు డాక్టరు మనకిక్కడ లేడు. ఉన్నా ఈ అమ్మాయికి పనికిరాదు. ఆపరేషనైన వెన్ను కదా!"

అక్క మొహం పాలిపోయింది. "మరి నా సంగతేంటండీ?"

"వేరే దార్లున్నాయమ్మా. తుంటికి ఇంజక్షన్ ఇస్తాను. నొప్పి పూర్తిగా పోదు, పదును తగ్గుతుంది. కాన్పు దగ్గరపడితే మాత్రం ఇవ్వను, బిడ్డ మగతగా పుడుతుంది. అందాకా నడువు. నడుముకి కాపడం పెట్టించుకో. నొప్పి వచ్చినప్పుడల్లా లెక్కపెట్టుకుంటూ మెల్లిగా ఊపిరి వదులు." తర్వాత నావైపు తిరిగి, "నడిపించడానికి మనిషి కావాలి. నువ్వున్నావుగా!" అన్నారు.

వరండాలో నడక మొదలైంది. మూడో చుట్టులో అక్క ఆగిపోయింది.

"ఒరే, చిరునవ్వుతో అని రాసిందెవడ్రా?"

"నేనే అక్కా."

"చెయ్యి ఇటియ్యి."

ఇచ్చాను. గోళ్ళు దిగాయి. డాక్టరమ్మ చెప్పినట్టు ఒకటి, రెండు అంటోంది కానీ, మూడు దాటేసరికి లెక్క కాస్తా కేక అయిపోతోంది. వెనకనుంచి నడుము నొక్కుతున్న బుట్టల అత్తకు అది నచ్చలేదు.

"ఒకటేంటమ్మాయ్, ఇంట్లోకి బిడ్డొస్తుంటే! లాభం అను."

మావైపు కాయల లెక్కలో మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. అత్త అరచేత్తో అదుముతూ, తోటలో పాడే రాగంలోనే ఎత్తుకుంది: "లాభం... రెండూ... మూడూ..." పుట్టినప్పట్నుంచీ విన్న లెక్క కదా, అక్క అందుకుంది. పన్నెండు దగ్గరికొచ్చేసరికి నొప్పి దిగేది. మళ్ళీ వస్తే మళ్ళీ లాభం. నేనూ గొంతు కలిపాను. (నా చేతికీ ఏదో ఒక ఉపశమనం కావాలి కదా.)

మధ్యాహ్నం అక్కనూ అత్తనూ లోపలికి తీసుకెళ్ళి తలుపు వేశారు. బయట నిలబడి వింటున్నాను. పదిహేను, పదహారు, పదిహేడు... లెక్క ఆగింది. అంతలో బిడ్డ ఏడుపు. ఆ వెంటనే అక్క గొంతు: "అత్తా, ఎంతదాకా వచ్చాం?"

"పదిహేడమ్మా. ఆడపిల్ల!"

కాసేపటికి నన్ను పిలిచారు. అక్క అలసిపోయి, జుట్టంతా తడిసి, నవ్వుతోంది. "రాసుకోరా. చిరునవ్వు తర్వాత వచ్చింది," అంది.

రాశాను. డాక్టరమ్మను ప్రతి మాటా రెండుసార్లు అడిగి రాశాను. నాలుగు లైన్లకు కుదించి, మామిడి ధరల కింద వేశారు.

ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో బస్సెక్కేటప్పుడు మొదటి మెట్టు మీద "లాభం" అంటాను. కండక్టర్లు వింతగా చూస్తారు. పైనుంచి చెయ్యి అందించేది ఆ పదిహేడో లెక్క దగ్గర పుట్టిన మేనకోడలే. గట్టిగానే పట్టుకుంటాను, గోళ్ళు మాత్రం దిగకుండా.