మగవాళ్ల ఎత్తులో అద్దం

ఇన్నేళ్లూ నేను ఏదీ రాయకపోవడానికి కారణం నాకు అక్షరాలు రాకపోవడమే. మా నాయన వ్యాసర్పాడి రైల్వే యార్డులో కూలి చేసే రోజుల్లో నన్ను బడిలో వేశారు గానీ, ఇంట్లో తెలుగు తప్ప వినని నేను తమిళంలో అడిగిన ప్రశ్న అర్థంకాక నిలబడిపోతే పిల్లలందరూ నవ్వారు, టీచరు నన్ను మొద్దు అని కూర్చోబెట్టింది. ఆ మాట నాతో ఇంటికి వచ్చింది, పెళ్లయ్యాక అత్తగారింటికీ వచ్చింది. అరవై దాటాక, మా తిరువొత్తియూరు చర్చి వరండాలో సాయంత్రాలు తెలుగు నేర్పే టీచరమ్మ దగ్గర కూర్చుని ఈ అక్షరాలు దిద్దుకున్నాను.

కాలేజీలో మనస్తత్వశాస్త్రం చదువుతున్న మా మనవరాలు మొన్న నా ఎదురుగా చతికిలబడి, "అవ్వా, నువ్వెవరు?" అని అడిగింది.

"బాగుందే. మీ అవ్వని."

"అట్ట కాదవ్వా. అవ్వ, అమ్మ, పెళ్లాం, ఇవేమీ లేకుండా చెప్పాల. ఇంట్లో పెద్దోళ్లని అడిగి రమ్మన్నారు."

నవ్వి కొట్టిపారేశాను గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. వెనకటికి ఒకసారి ఇదే ప్రశ్న వేరే మాటల్లో నా ముందుకు వచ్చింది.

ఎన్నూరు రోడ్డు మీద రొయ్యలు ఒలిచే షెడ్లు నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటాయి. ఐసు నీళ్ల తొట్ల ముందు వరసగా కూర్చుని తలలు తుంచి పెంకులు ఒలిచేవాళ్లం. కాసేపటికే వేళ్లు తిమ్మిరెక్కి, ముల్లు దిగినా నీళ్లు ఎర్రబడేదాకా తెలిసేది కాదు. అత్త, ఆడబిడ్డ, నేను ఒకే షెడ్డు. పనికి నడిచేటప్పుడు ముందు అత్త, తరువాత ఆడబిడ్డ, చివర నేను. కోడలిని ఎవరు ఏమడిగినా అత్తే జవాబు చెప్పడం మా ఇళ్లలో ఆనవాయితీ కాబట్టి, నాకు జవాబు వెతుక్కునే అవసరమే ఉండేది కాదు.

మా మీదున్న మేస్త్రీ పని మధ్యలో ఎవరినీ లేవనిచ్చేవాడు కాదు. ఆడబిడ్డ అప్పుడు కడుపుతో ఉంది. కాళ్లు వాచి, ఒంటికి పోవాలన్నా అడగడానికి భయపడి పెదవి కరుచుకుని కూర్చునేది. ఆ మేస్త్రీ జబ్బుపడి రాని నాళ్లలో, ఎవరూ చెప్పకుండానే, వేళ్లు పగిలినవాళ్లను రొయ్యలు ఏరే బల్ల దగ్గరికి పంపి, బల్ల దగ్గరివాళ్లను తొట్టి దగ్గరికి పిలిచేదాన్ని. ఆడబిడ్డను గోడకు ఆనుకుని కూర్చోమనేదాన్ని. ఇంట్లో అందరికీ అందేలా అన్నం వడ్డించడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే అనుకున్నాను తప్ప, అదొక తెలివి అని నాకు తోచలేదు.

ఇదంతా గమనించిన యజమాని ఒక మధ్యాహ్నం తొట్ల మధ్యకు వచ్చి, పాత మేస్త్రీ ఇక రాడని, ఆ పని నువ్వు చేస్తావా అని అందరి ముందూ నన్ను అడిగాడు. చేతులన్నీ ఆగిపోయాయి.

అత్త తలెత్తకుండానే, "అది మొద్దయ్యా. దాని వల్ల యాడవుతుంది?" అంది.

"నేనడిగింది ఆమెని గదా," అన్నాడాయన. "రేపు పొద్దున చెప్పు. లేదంటే పాతాయన తమ్ముణ్ణి పెట్టేస్తా."

ఆ తమ్ముడు అన్నకంటే కఠినుడని పక్క షెడ్డు ఆడవాళ్లు చెప్పగా విన్నాం. ఆడబిడ్డ నా వైపు చూసింది.

సాయంత్రం లారీల దుమ్ములో ఇంటికి నడిచాం. ఇల్లు దగ్గరపడ్డాక, "వదినా, ఆ తమ్ముడొస్తే నేను పనికి రాలేను," అంది ఆడబిడ్డ.

"సుమ్మా ఉండవే, ఊరుకో," అని అత్త కసిరింది. "రేపు మీ వదిన ఏదో తప్పు చేస్తే షెడ్డంతా నవ్వదా? బడిలో నవ్వింది చాల్లేదా దానికి?"

ఆమెది కోపం కాదని, నన్ను చూసి నలుగురూ నవ్వుతారన్న భయమని అప్పుడు అర్థమైంది. ఆ భయం నాకూ ఉంది. నన్ను బాగా ఎరిగినవాళ్లే నా వల్ల కాదంటుంటే, అవుతుందనడానికి నేనెవర్ని?

అప్పట్లో మా ఇంట్లో ఉన్న ఒక్క అద్దం, మా ఆయన గడ్డం గీసుకోవడానికి ఆయన ఎత్తులో గోడకు కొట్టినది. లారీ తోలుకుంటూ పోయి ఆయన ఎన్నాళ్లు ఊళ్లో లేకపోయినా అది అక్కడే ఉండేది. మునివేళ్ల మీద నిలబడితే నాకు పాపిడి, నుదురు కనిపించేవి, అంతే. ఆడవాళ్లం చేత్తో తడుముకునే బొట్టు పెట్టుకునేవాళ్లం. నేనెలా ఉంటానో ఇతరులు చెప్పిందే నాకు తెలుసు.

ఇప్పుడా షెడ్లు లేవు, అక్కడ కంటెయినర్ లారీలు ఆగుతున్నాయి. మా ఇంట్లో నిలువుటద్దం ఉంది. మనవరాలి చేతిలో ఫోను కూడా అద్దమే. అయినా ఆ పిల్ల ఫోటో తీసుకుని, బాగున్నావని ఎవరో ఒకరు చెప్పేదాకా ముఖం ముడుచుకుని కూర్చుంటుంది. అంత చదువుకున్న పిల్లకు తెలుగు చదవడం రాదు, ఇది నేనే చదివి వినిపించాలి. నేనెవరని అడిగింది కదా, యజమాని అడిగిన మరునాటి పొద్దున చేసిందే నా జవాబు.

అత్త, ఆడబిడ్డ గడప దగ్గర నిలబడి ఉండగా, నేను స్టూలు తెచ్చి గోడ దగ్గర వేసి ఎక్కాను. ఆ అద్దంలో మొదటిసారి నా ముఖం గడ్డం దాకా కనిపించింది. అలసిపోయి ఉంది, భయపడుతోంది, కానీ మొద్దు ముఖం కాదు.

"ఏమ్మే, పెళ్లికి పోతున్నామా?" అంది అత్త.

"లేదత్తా. మేస్త్రీ పనికి పోతున్నా."

ఒక కాలు పొట్టిదైన ఆ స్టూలు ఊగుతుంటే, అత్త వచ్చి రెండు చేతులా పట్టుకుంది. నేను అద్దంలో చూసుకుంటూ బొట్టు పెట్టుకుని, దిగి, ఆ రోజు అందరికంటే ముందు నడిచాను.