తదితర సహోదరులు

నా చిన్నప్పుడు, పాకిస్తాన్‌తో యుద్ధం జరుగుతున్న అరవై ఐదులో, పామర్రు దగ్గర మా పేటలో మగవాళ్ళకి సాయంత్రమైతే ఒకటే పని. మా అరుగు మీద పేపరు పరుచుకుని సైన్యాల్ని పోల్చుకునేవాళ్ళు. హిట్లర్ యుద్ధంలో మనవాళ్ళే పాతిక లక్షలట, ఇప్పుడు అందులో సగం కూడా లేరట, అయినా ఇప్పటి ట్యాంకుల ముందు అప్పటి తుపాకులు ఏ మూలకట. ఆ యుద్ధం చూసొచ్చినవాళ్ళు మాత్రం మా అరుగు ఎక్కేవాళ్ళు కాదు.

లోపల చేపలు తోముకుంటూ మా నాయనమ్మ అంతా వినేది. ఆవిడ చిన్నకొడుకు, అంటే మా బాబాయి, ఆ పాతిక లక్షల్లో ఒకడు. బర్మా వెళ్ళాడు, తిరిగి రాలేదు. దేశం కోసం వెళ్ళాడని మా నాన్న గొప్పగా చెప్పేవాడు. పూట గడవక వెళ్ళాడని నాయనమ్మ అనేది. ఆవిడ మాటే నిజం.

ఆ హిట్లర్ యుద్ధం రోజుల్లో చర్చిలో అయ్యగారు ప్రతి ఆదివారం పటాలంలో ఉన్నవాళ్ళ పేర్లు చెప్పి ప్రార్థన చేసేవారట. పేటలోంచి వెళ్ళేవాళ్ళు ఎక్కువయ్యేసరికి ఆయనకి ఓపిక తగ్గింది. మొదటి నలుగురి పేర్లూ చెప్పి, ‘తదితర సహోదరులను కాపాడు తండ్రీ’ అని ముగించేవారు. మా బాబాయి ఆలస్యంగా చేరినవాడు. ఏ ఆదివారమూ ఆయన పేరు వినపడలేదు. ఆడవాళ్ళు చర్చిలో నోరెత్తే రోజులు కావు కాబట్టి నాయనమ్మ అడగలేదు.

అరవై ఐదులో మా పేట నుంచి యుద్ధంలో ఉన్నది ఒక్కడే, పక్కింటి అత్తయ్య కొడుకు. నేను అన్నయ్యా అని పిలిచేదాన్ని. ఒక ఆదివారం కొత్త అయ్యగారు ‘మన జవానులందరినీ’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆడవాళ్ళ వైపు చాప మీంచి నాయనమ్మ లేచింది.

“పిల్లాడి పేరు చెప్పండి అయ్యగారూ.”

“దేవుడికి అందరూ తెలుసు కదమ్మా.”

“తెలిస్తే ఇంక ప్రార్థనెందుకండీ? పేరు చెప్పండి.”

మా నాన్న సిగ్గుతో తల దించుకున్నాడు. ఆవిడ కూర్చోలేదు. అయ్యగారు పేరు చెప్పాకే కూర్చుంది. ఆ తర్వాత ఏ ఆదివారమూ ఆయన మర్చిపోలేదు.

యుద్ధం అయిపోయాక అన్నయ్య గుడివాడలో రైలు దిగి, బస్సెక్కి, ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని ఇంటికొచ్చాడు. పేటంతా పండగ చేసుకుంది. నాయనమ్మ వాడి తల నిమిరి, ఇంట్లోకొచ్చి పొయ్యి దగ్గర కూలబడింది.

“చూశావా అమ్మాయ్, పేరు పెట్టి అడిగితే పంపించాడు.”

అది సంతోషం కాదు. ఆ రోజుల్లో తనూ లేచి అడిగుంటే కొడుకు బతికేవాడని ఆవిడ నమ్మేసింది. చచ్చేదాకా ఆ నమ్మకంతోనే కుమిలింది. దేవుడు అలా చేస్తాడని నేను నమ్మను. కానీ ఆ పాత అయ్యగారి మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఇప్పుడు టీవీలో సైన్యాల లెక్కలు మొదలుపెడితే కట్టేస్తాను. భోజనం ముందు ప్రార్థనలో ఇంటిల్లిపాదినీ పేరుపేరునా తలుచుకుని, చివర్న దేవసహాయం అని మా బాబాయి పేరు కూడా చెప్తాను. ఇన్నేళ్ళ తర్వాత చెప్తే ఆయనకి ఏం ఒరుగుతుందని మా మనవరాలు అడుగుతుంది. ఏమీ ఒరగదు. అప్పుడు చెప్పాల్సింది.